వ్లాచిల్ సినిమాల్లో పాపం, నేరం, అడవి: ఎక్కడ మొదలుపెట్టాలి, ఎందుకు దారి తప్పుతాం

ప్రశ్న: చెక్ దర్శకుడు ఫ్రాంటిషెక్ వ్లాచిల్ తీసిన 'మార్కెతా లాజరోవా' రెండుసార్లు మొదలుపెట్టి నలభై నిమిషాలకే ఆపేశాను. ఎవరు ఎవరికి ఏమవుతారో అంతుపట్టలేదు. పాపం, నేరం, ప్రకృతి మీద ఇంతకు మించిన సినిమా లేదని అందరూ అంటారు. నాకేం అందడం లేదు? ఈ చలికాలంలో లంబసింగి దగ్గర ఇలాంటి వాతావరణంతో ఒక షార్ట్ ఫిల్మ్ తీయాలని కూడా ఉంది. దానికీ సలహాలు కావాలి.

సమాధానం:

ముందు ఆ సినిమాని పక్కన పెట్టండి. తప్పు మీది కాదు, వరసది. 'మార్కెతా లాజరోవా' రెండుముప్పావు గంటల సినిమా. వ్లాచిల్ తనకు తెలిసిన విద్యంతా అందులో కుమ్మరించాడు. ఆయన భాష అలవాటు లేకుండా సరాసరి అందులోకి దిగితే, ఈత రానివాడు ఏట్లోకి దూకినట్టే ఉంటుంది. దాని మరుసటి ఏడాది, 1968లో, ఆయనే తీసిన 'ఉడోలీ వ్చెల్' ఉంది. 'తేనెటీగల లోయ' అని అర్థం. నిడివి గంటన్నర పైచిలుకు. అదే కాలం, అలాంటి మనుషులే, కానీ కథ గీత గీసినట్టు తిన్నగా సాగుతుంది. 'మార్కెతా' కోసం థియొడోర్ పిష్టెక్ చేసిన దుస్తులూ, బోలెడు ఖర్చుపెట్టి తయారుచేసిన సామగ్రీ ఊరికే పోకూడదని స్టూడియో వెంటనే ఇంకో మధ్యయుగపు సినిమా తీయించింది. అదే ఇది. మిగిలిన సరుకుతో వండిన వంటే గానీ, నా లెక్కలో వ్లాచిల్ సినిమాలన్నిట్లోకీ బిగువైనది ఇదే. పిష్టెక్ తరవాత 'అమెదేయస్' దుస్తులకు ఆస్కార్ అందుకున్నాడు.

కాబట్టి వరస ఇదీ: ముందు 'ఉడోలీ వ్చెల్', తరవాత 1969 నాటి 'ఆడెల్‌హైడ్', అప్పుడు 'మార్కెతా'. ఓపిక మిగిలితే 1977 నాటి 'స్తీనీ హోర్కేహో లేతా', అంటే 'మండు వేసవి నీడలు'. ఇక్కణ్నించి కథలు, ముగింపులు కూడా చెప్పేస్తున్నాను. వ్లాచిల్ సినిమాలకు కథ ముందే తెలియడం వల్ల పోయేదేమీ లేదు, పైగా 'మార్కెతా'కి తెలిసి ఉండడమే మేలు.

సినిమాల్లోకి వెళ్లేముందు ఒక మాట గురించి. చెక్‌లో 'వినా' అంటే అపరాధం. చేసిన తప్పూ అదే, ఆ తప్పు మోయడమూ అదే. సబ్‌టైటిళ్లలో అది చోటుకో తీరుగా మారుతుంది. తెలుగులో పుస్తకం మాట 'అపరాధ భావన' ఉంది గానీ, నోట్లో నానేవి వేరు: పాపం చుట్టుకుంది, ఉసురు తగిలింది, పాపం పండింది. ఆ చివరిదే మనల్ని వ్లాచిల్ దగ్గర తప్పుదారి పట్టిస్తుంది. పాపం పండుతుందంటే దానికో రుతువు ఉందని, చెట్టుకి కాయ ముదిరినట్టు ముదిరి ఒకరోజు రాలుతుందని. లెక్క తేల్చేది ప్రకృతి అన్నమాట. మన పౌరాణికాల నుంచి నిన్నటి సినిమా దాకా ఇదే అలవాటు. అన్యాయం జరగ్గానే ఉరుము, దీపం ఆరడం, గాలివాన. వ్లాచిల్ సినిమాలో మంచు, తోడేళ్లు, సముద్రం కనిపించగానే మనం కూడా 'ఆహా, ఇది శిక్షకి గుర్తు' అని ఎదురుచూస్తాం. ఆ శిక్ష రాదు. రాకపోయేసరికి సినిమా ఎటూ వెళ్లడం లేదనిపిస్తుంది. మీరు ఆగిపోయింది ఇక్కడేనని నా అనుమానం. ఆయన దగ్గర ప్రకృతి ఎవర్నీ శిక్షించదు. మనుషులే శిక్షిస్తారు, దేవుడి పేరు మీదో జంతువుల చేతో.

'తేనెటీగల లోయ' మొదటి పది నిమిషాలు జాగ్రత్తగా చూస్తే ఇది చేతికి అందుతుంది. 13వ శతాబ్దం, బొహీమియాలో (నేటి చెక్ దేశంలో ఒక భాగం) వ్ల్కోవ్ అనే చిన్న కోట. ఒండ్రెయ్ అనే పిల్లాడు తేనెపట్టుల దగ్గర పెరుగుతుంటాడు. తండ్రి ముదిమిలో లెనోరా అనే పిల్లని, దాదాపు కొడుకు ఈడుదాన్ని, పెళ్లాడతాడు. పెళ్లిలో పిల్లాడు కొత్త తల్లికి ఒక బుట్ట కానుకగా ఇస్తాడు. పైన తెల్లటి పూరేకులు. ఆమె నవ్వుతూ చెయ్యి పెడుతుంది. రేకుల అడుగున గబ్బిలాలు. తండ్రి మండిపడి కొడుకుని ఎత్తి రాతిగోడకేసి కొడతాడు. వాడు కదలడు. చచ్చాడేమో అనుకున్న ఆ క్షణంలో తండ్రి మోకాళ్ల మీద పడి, వీణ్ని బతికిస్తే నీకే ఇచ్చేస్తానని కన్య మరియకి మొక్కుకుంటాడు. పిల్లాడు బతుకుతాడు. మొక్కు తీరాలి కదా, వాణ్ని బాల్టిక్ తీరాన ఉన్న ట్యూటానిక్ యోధ సన్యాసుల మఠానికి అప్పగిస్తారు.

ఈ సన్నివేశంలో ఎవరి పాపం ఎంతో లెక్క వేసి చూడండి. పిల్లాడిది కొంటెతనం, దాని కింద పేరు పెట్టలేని అసూయ. తండ్రిది క్షణికావేశం. ఆ ఆవేశపు అపరాధాన్ని తండ్రి తాను మొయ్యడు. మొక్కు రూపంలో కొడుకు నెత్తిన పెడతాడు. తండ్రి కోపానికి కొడుకు జీవితాంతం వడ్డీ కడతాడు. గబ్బిలాలకీ ఇందులో వాటా ఏమీ లేదు. అవి బుట్టలో ఉన్నాయి కాబట్టి ఎగిరాయి, అంతే. రెండోసారి చూసేటప్పుడు శబ్దం మీద ధ్యాస పెట్టండి. ఆ గందరగోళంలో మాటలకన్నా రెక్కల చప్పుడుకీ, జనం ఊపిరికీ ఎంత చోటిచ్చాడో తెలుస్తుంది.

మఠంలో ఒండ్రెయ్‌కి అర్మిన్ అనే సోదర సన్యాసి తోడవుతాడు. పెట్ర్ చెపెక్ ఒండ్రెయ్‌గా, యాన్ కాచెర్ అర్మిన్‌గా నటించారు. మఠం నుంచి పారిపోయిన రోట్గియర్ అనే సోదరుణ్ని పట్టుకొచ్చి కుక్కలకి వేస్తారు. ఈ చోటు గుర్తుపెట్టుకోండి, దీని పక్కన పెట్టి చూడాల్సింది చివర్లో వస్తుంది. తరవాత ఒండ్రెయ్ కూడా పారిపోతాడు. వ్ల్కోవ్ చేరేసరికి తండ్రి పోయాడు, లెనోరా ఒక్కతే కోటని నెట్టుకొస్తోంది. ఇద్దరూ పెళ్లి చేసుకుంటారు. అతణ్ని వెనక్కి తీసుకెళ్లాలని వెంటాడుతూ వచ్చిన అర్మిన్ పెళ్లినాడే లెనోరా గొంతు కోస్తాడు. ఒండ్రెయ్ అర్మిన్‌ని కుక్కలకి వేయిస్తాడు. ఏ శిక్ష చూసి పారిపోయాడో అదే శిక్ష తన చేత్తో, తన ఇంట్లో. ఆ తరవాత మళ్లీ మఠానికే, సముద్రం దగ్గరికే వెళ్లిపోతాడు.

అర్మిన్‌ని విలన్ అనుకుని చూస్తే సినిమా చప్పబడుతుంది. చాలామంది చేసే పొరపాటు అదే. అతను ఒండ్రెయ్‌ని ప్రేమిస్తున్నాడు. ఆ ప్రేమకి మఠం నియమాలు తప్ప వేరే భాష అతనికి రాదు. లెనోరాని చంపడం అతని దృష్టిలో నేరం కాదు, స్నేహితుణ్ని పాపంలోంచి లాగడం. తప్పు చేశానన్న స్పృహే లేనివాడు సినిమాలో అందరికన్నా ప్రమాదకరమైన మనిషి. ఈ సినిమా విడుదలైన 1968లోనే, ఆగస్టులో, సోవియట్ యూనియన్ నాయకత్వంలోని వార్సా ఒప్పందపు సైన్యాలు చెకోస్లొవేకియాలోకి దిగాయి. అప్పటి ప్రేక్షకులు అర్మిన్‌లో ఏ పార్టీ మనిషిని చూసుకున్నారో విడమరచి చెప్పక్కర్లేదు. అయితే దాన్ని ఒట్టి రాజకీయ రూపకంగా కుదించకండి. కథ, స్క్రిప్టు రాసిన వ్లదిమీర్ కొర్నెర్‌కి ఇదే బాధ, ఇదే ప్రశ్న: మనిషి ఒక నియమానికి ఎందుకు తలవంచుతాడు, దాన్నుంచి బయటపడ్డాక కూడా ఎందుకు వెనక్కి పోతాడు?

రెండో సినిమా 'ఆడెల్‌హైడ్' కూడా కొర్నెర్ నవల నుంచే. కాలం మారుతుంది, రంగులొస్తాయి. 1945, యుద్ధం ముగిసింది. మొరావియా ఉత్తరాన జర్మన్లు ఉండే సరిహద్దు ప్రాంతం. వాళ్లని దేశం నుంచి తరిమేస్తున్నారు. అలా దేశం వదిలి వెళ్లాల్సి వచ్చినవాళ్లు ముప్పై లక్షల దాకా ఉంటారు. చెక్ సినిమాలో ఆ సంగతి అప్పటిదాకా ఎవరూ ఇలా ముట్టుకోలేదు. ఇంగ్లండ్ నుంచి తిరిగొచ్చిన విక్టర్ అనే మాజీ సైనికుడికి ఒక నాజీ పెద్ద వదిలిన బంగళాకి కాపలా పని దొరుకుతుంది. అతనూ పెట్ర్ చెపెకే. ఆ నాజీ కూతురు ఆడెల్‌హైడ్ (నటి ఎమ్మా చెర్నా) ఇప్పుడు అదే ఇంట్లో పనిమనిషి. విక్టర్‌కి జర్మన్ రాదు, ఆమెకి చెక్ రాదు. సినిమాలో సగం సేపు ఒకరు నేల తుడుస్తుంటే ఇంకొకరు చూడడమే. ఎవరు ఎవరికి ఎంత బాకీ అనే ప్రశ్న మాటల్లో రాదు. ఎవరు వంగి పని చేస్తున్నారు, ఎవరు నిలబడ్డారు, మెట్ల మీద ఎవరు పైన, ఎవరు కింద, అవే చూడాలి. ఆమె అన్న ఆ ఇంటి చుట్టుపక్కలే దాక్కుని ఉండడంతో కథ నేరం వైపు తిరుగుతుంది. చివరికి ఆమె జైల్లో ఉరి వేసుకుంటుంది. విక్టర్ మంచు కప్పిన పొలాల్లోకి నడిచి వెళ్తాడు. మీ కాపీలో జర్మన్ మాటలకు సబ్‌టైటిల్ లేకపోతే కంగారుపడి వేరేది వెతకొద్దు. విక్టర్‌కి ఎంత అర్థమవుతుందో మనకీ అంతే అర్థమవడం మంచిది.

ఈ రెండూ చూశాక ఒకటి రెండు రోజులు ఆగి 'మార్కెతా'కి రండి.

దీనికి మూలం వ్లదిస్లావ్ వాంచురా 1931లో రాసిన నవల. వాంచురాని నాజీలు 1942 జూన్‌లో ప్రాగ్‌లో కాల్చి చంపారు. వ్లాచిల్, ఫ్రాంటిషెక్ పవ్లీచెక్ కలిసి స్క్రిప్టు రాశారు. షూటింగ్ 548 రోజులు సాగిందని లెక్క. నటులని చలికాలంలో అడవిలో ఉంచి, ఆ దుస్తుల్లోనే బతకనిచ్చి తీశారు. 1998లో చెక్ విమర్శకులు దీన్ని తమ దేశపు అత్యుత్తమ చిత్రంగా ఎంచుకున్నారు. మీరు చూడబోయేది 2011లో డిజిటల్‌గా బాగుచేసిన కాపీ అయ్యేలా చూసుకోండి. పాత వీడియో కాపీల్లో మంచు బూడిదరంగు ముద్దలా ఉంటుంది, చీకటి సన్నివేశాల్లో ముఖాలే కనబడవు. దృశ్యం వెడల్పు ఎత్తుకి 2.35 రెట్లు ఉండాలి. తెర నిండా నిండిపోయి కనిపిస్తే రెండు పక్కలా కోసేశారని అర్థం, అది వదిలేయండి. ఫోన్‌లో మాత్రం వద్దు. తెల్లటి మైదానంలో దూరంగా కదిలే నల్లచుక్కలే మొదటి దృశ్యంలో కథ. అవి ఫోన్ తెర మీద దుమ్ములా ఉంటాయి.

ఇప్పుడు మీ అసలు ఇబ్బంది, ఎవరెవరో తెలియకపోవడం. ఒక కాగితం తీసుకుని రెండు ఇళ్లు గీసుకోండి.

ఒక ఇల్లు కొజ్లీక్‌ది. దారి దోపిడీలతో బతికే మొరటు కుటుంబం, దేవుడికన్నా పాత నమ్మకాలకి దగ్గర. నటుడు యోసెఫ్ కెమ్ర్. అతని కొడుకుల్లో మీకు కావలసినవాళ్లు ఇద్దరు: మికొలాష్, ఆడమ్. కూతుళ్లలో ఒకతె: అలెగ్జాండ్రా. రెండో ఇల్లు లాజర్‌ది. అతనూ దొంగే, కానీ దేవుడి పేరు చెబుతూ, ఇతరులు దోచాక మిగిలింది ఏరుకునే రకం. అతని కూతురే మార్కెతా, మఠంలో సన్యాసినిగా చేరబోతున్న పిల్ల. నటి మగ్దా వాషారియోవా. ఈ రెండిళ్ల బయట ముగ్గురు: మొదటి దోపిడీలో బందీగా చిక్కిన జర్మన్ యువకుడు క్రిస్టియాన్, గొర్రెతో తిరిగే దేశదిమ్మరి సన్యాసి బెర్నార్డ్, రాజు పంపిన సేనాని పివో. పివో అంటే చెక్‌లో బీరు. సబ్‌టైటిల్లో 'బీర్' అని వస్తే తప్పు కాదు, మనిషి పేరే.

కథ నాలుగు మాటల్లో: కొజ్లీక్ కొడుకులు ఒక జర్మన్ బృందాన్ని దోచి క్రిస్టియాన్‌ని పట్టుకుంటారు, తండ్రి తప్పించుకుని రాజుకి కబురు చేరవేస్తాడు. రాజుసైన్యం వస్తుందని తెలిసి కొజ్లీక్ లాజర్‌ని తోడు రమ్మంటాడు, అతను రాడు. ఆ కక్షతో మికొలాష్ మార్కెతాని ఎత్తుకుపోతాడు. తరవాత యుద్ధం, చావులు.

ఇక దారి తప్పించే చోట్లు. మొదటిది, గతం. వ్లాచిల్ 'ఇది జ్ఞాపకం' అని ఎక్కడా గుర్తు వెయ్యడు, తెర మసకబారదు, సంగీతం మారదు. దీనికి చాలా సులువైన చిట్కా ఉంది. ఆడమ్‌కి ఒక చెయ్యి లేదు. తెర మీద అతనికి రెండు చేతులూ ఉంటే మీరు గతంలో ఉన్నట్టు. ఆ చెయ్యి పోవడానికీ, అతనికీ అక్కాచెల్లెళ్ల వరస దాటి అలెగ్జాండ్రాతో ఉన్న బంధానికీ ముడి ఉంది. ఇది ముందే తెలిస్తే పిచ్చిగా అనిపించే ఇరవై నిమిషాలు తేటగా అర్థమవుతాయి.

రెండోది, గొంతులు. మాట్లాడేవాడి పెదవులు కనబడవు, లేదా కనిపించే ముఖం మాట్లాడదు. గొంతులు గుహలోంచి వచ్చినట్టు ప్రతిధ్వనిస్తాయి. చాలామంది దీన్ని చెడిపోయిన డబ్బింగ్ అనుకుంటారు. కావాలనే చేసిన పని అది. ఎవరి తలలో ఉన్నామో చెప్పేది ఆ ప్రతిధ్వనే. హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటే సగం చిక్కు విడిపోతుంది. జ్డెనెక్ లిష్కా సంగీతం, పక్షి కూత, గంట, ఊపిరి ఒకదాన్నించి ఒకటి పుట్టుకొస్తుంటాయి. ఎక్కడ శబ్దం ఆగి ఎక్కడ పాట మొదలైందో చెప్పడం కష్టం.

మూడోది, మధ్యలో వచ్చే అక్షరాలు. పాత పుస్తకంలో అధ్యాయం మొదట 'ఇందులో ఫలానావాడు ఫలానా చేసిన విధము' అని ఉంటుందే, అలాంటివి. వాటిని గబగబా దాటేయకండి. రాబోయే అరగంటలో ఏం జరుగుతుందో అవే చెప్పేస్తాయి. ఉత్కంఠ ఆయనకి అవసరం లేదు. పాజ్ నొక్కి చదివి మీ కాగితం మీద పేర్లు వెతుక్కోండి. సినిమా రెండు భాగాలు, మొదటిది 'స్త్రాబా', రెండోది 'దేవుని గొర్రెపిల్ల'. మీరు ఆగాల్సింది నలభయ్యో నిమిషం దగ్గర కాదు, ఈ రెండింటి మధ్య. రెండు రాత్రులు చూస్తే నష్టమేమీ లేదు.

ఇంతకన్నా బరువైన విషయం ఒకటుంది. మికొలాష్ మార్కెతాని ఎత్తుకుపోయి బలాత్కరిస్తాడు. తరవాత ఆ ఇద్దరి మధ్య ప్రేమ పుడుతుంది. చావబోతున్న అతన్ని ఆమె పెళ్లాడుతుంది. ఈనాటి ప్రేక్షకుడికి ఇది గొంతు దిగదు, దిగకూడదు కూడా. సినిమా దీన్ని శుభ్రంగా సమర్థించిందని నేననను. కానీ దాన్ని ప్రేమకథగా తీపి చెయ్యలేదు కూడా. మార్కెతా ముఖాన్ని గమనించండి. ఆమె మొదట బలిపశువు, తరవాత తన కోరికే తనకి పాపంగా తోచే మనిషి. మఠం ఒక పక్క, అడవి ఒక పక్క, రెండింటిలో దేనిదగ్గరా ఆమెకి క్షమ దొరకదు. అమ్మాయిలతో కలిసి చూస్తుంటే, ఇంట్లో పెద్దవాళ్లుంటే, ఈ భాగం గురించి ముందే చెప్పండి. జంతువుల మీద హింస చూడలేనివాళ్లకి కూడా ముందే చెప్పాలి. ఆ కాలపు షూటింగ్‌లకి నేటి నియమాలు లేవు.

మన భాష ఇక్కడ ఒక్కసారి పనికొస్తుంది. యుద్ధం ముగిశాక క్రిస్టియాన్ మతి చెడి అడవిలో తిరుగుతుంటాడు. అతని బిడ్డని మోస్తున్న అలెగ్జాండ్రా అతణ్ని రాయితో కొట్టి చంపుతుంది. అది పగా, దయా? ఆ దృశ్యం చూస్తే మన నోటి నుంచి అసంకల్పితంగా వచ్చే మాట 'పాపం'. అతని మీద జాలితో అన్నామో, ఆమె చేసిన పని గురించి అన్నామో మనకే తెలియదు. తప్పుకీ జాలికీ ఒకే మాట ఉన్న భాషలో పుట్టినవాళ్లకి ఈ దృశ్యం వివరించక్కర్లేదు. చుట్టూ చెట్లు అలాగే ఉంటాయి, ఏ ఉరుమూ ఉరమదు.

'స్తీనీ హోర్కేహో లేతా' గురించి రెండు ముక్కలు. 1968 తరవాత వ్లాచిల్‌ని కొన్నేళ్లు పెద్ద సినిమాలు తియ్యనివ్వలేదు. తిరిగొచ్చాక తీసినవాటిలో ఇది ముఖ్యం. 1978లో కార్లోవీ వారీ చిత్రోత్సవంలో పెద్ద బహుమతి పొందింది. 1947 వేసవి, బెస్కిడీ కొండల్లో ఒక రైతు ఇంటిని పారిపోతున్న ఉక్రేనియన్ సాయుధులు ఆక్రమిస్తారు. యురాయ్ కుకురా చేసిన రైతు బరాన్ మొదట ఓర్చుకుంటాడు, తరవాత ఎదురు తిరుగుతాడు. వ్లాచిల్ సినిమాల్లో ఉత్కంఠతో నడిచేది ఇదొక్కటే. 'మార్కెతా' మరీ మొండికేస్తే దీన్ని రెండోదిగా చూసినా తప్పులేదు.

ఇక మీ షార్ట్ ఫిల్మ్.

లంబసింగిలో డిసెంబరు, జనవరి పొగమంచు పొద్దున్నే దట్టంగా ఉండి, ఎండ ఎక్కగానే పల్చబడుతుంది. కాబట్టి రోజుకి మీకు దొరికేది రెండు గంటల లోపే అనుకుని లెక్క వేసుకోండి. ఆ రెండు గంటల్లో ఎనిమిది షాట్లకి మించి రాసుకోవద్దు. మిగతా పగలు ఇంటి లోపలి షాట్లకి వాడుకోండి. కెమెరా మీటరు తెల్లటి పొగమంచుని బూడిదరంగు అనుకుని తక్కువ వెలుతురు ఇస్తుంది. ఆటోలో వదిలేస్తే మురికి నీళ్లలా వస్తుంది. మీటరు చెప్పినదానికన్నా 1 స్టాప్ (అంటే రెట్టింపు వెలుతురు) ఎక్కువ ఇచ్చి మొదలుపెట్టండి, తెలుపు కాలిపోతుందేమో హిస్టోగ్రామ్‌లో, అంటే కెమెరా చూపే వెలుతురు గ్రాఫులో, చూసుకుంటూ ఉండండి. నిజమైన మంచుకైతే 1.5 నుంచి 2 స్టాప్‌లు కావాలి. నల్ల కంబళి కప్పుకున్న మనిషిని పెడితే తెలుపు ఎంత తెల్లనో కంటికి తెలుస్తుంది. ఛాయాగ్రాహకుడు బెద్ర్జిఖ్ బట్కా 'మార్కెతా'లో పదేపదే చేసిందదే, తెల్ల నేల మీద నల్ల మనిషి. లెన్స్ మీద ఆవిరి పడుతుంది. కెమెరాని గది వేడి నుంచి ఒక్కసారిగా చలిలోకి తెచ్చినప్పుడు కాదు, చలి నుంచి వేడిగదిలోకి తీసుకెళ్లినప్పుడు ఎక్కువ. సంచిలో మూసి అరగంట ఉంచి తరవాత తెరవండి.

వెడల్పు ఫ్రేము కావాలంటే 3840 బై 2160 లో తీసి పైనా కిందా 263 పిక్సెళ్ల చొప్పున తీసేయండి. 1634 ఎత్తు మిగులుతుంది, అదే 2.35. కానీ షూటింగ్‌లోనే మానిటర్ మీద గీతలు వేసుకుని తీయాలి. ఎడిటింగ్‌లో కోద్దామనుకుంటే తలలు తెగుతాయి. వెడల్పు ఫ్రేములో మనిషిని నడిమధ్య పెట్టడం మానండి. ఒక మూల పెట్టి మిగతాది ఖాళీగా వదలండి. కెమెరా ముందు ఒక కొమ్మనో గడ్డిపోచనో మసకగా ఉంచితే ఎవరో చాటు నుంచి చూస్తున్నట్టు ఉంటుంది. వ్లాచిల్ అడవిలో ఆ 'ఎవరో' ఎప్పుడూ తేలదు, మీరూ తేల్చొద్దు.

శబ్దానికి ప్రతి చోటా 90 సెకన్లు ఎవరూ మాట్లాడకుండా రికార్డు చేసుకోండి, తెల్లారకముందు ఒకటి, తరవాత ఒకటి. మైకుకి బొచ్చు తొడుగు లేకపోతే కొండ గాలికి అన్నీ పనికిరావు. డైలాగుల్ని తరవాత ఒక గదిలో మళ్లీ చెప్పించి, కొన్నిచోట్ల మాట్లాడుతున్న ముఖం చూపకుండా అతికించి చూడండి. సినిమా అంతా చేస్తే విసుగొస్తుంది, రెండు మూడు చోట్ల చాలు.

జంతువుల విషయంలో మాత్రం వ్లాచిల్‌ని అనుకరించకండి. మన దేశంలో సినిమాలో జంతువుని వాడాలంటే భారత జంతు సంక్షేమ మండలి అనుమతి ముందే తీసుకోవాలి. పాములు, గబ్బిలాలు లాంటి అడవి జీవుల్ని పట్టి తేవడం 1972 వన్యప్రాణి చట్టం కింద చిక్కు. అయినా అవేమీ అక్కర్లేదు. బుట్ట, తెల్ల పూరేకులు, రెక్కల చప్పుడు, పిల్లాడి కళ్లు. ఆ సన్నివేశంలో మనల్ని భయపెట్టేది గబ్బిలం కాదు, బుట్ట ఇచ్చేటప్పుడు వాడి ముఖం మీద ఏమీ లేకపోవడం. దాన్ని తీయడానికి ఒక పిల్లాడు, ఒక బుట్ట, పావుకిలో నందివర్ధనం పూలు ఉంటే సరిపోతుంది. పూలు ముందురోజు కోయొద్దు, తెల్లారేసరికి అంచులు గోధుమరంగుకి తిరుగుతాయి, నలుపు తెలుపులో కూడా అది కనబడుతుంది.